నీళ్ళ దాకా

మా అమ్మ మెడలో రెండు లింగకాయలు ఉండేవి. ఒకటి ఆమెది, పుట్టిన పదకొండో రోజున మా గురువైన జంగమయ్య కట్టింది. రెండోది నా తమ్ముడు నిఖిలేష్‌ది.

లింగాయతుల ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మాకు దేవుడు గుళ్ళో కంటే ఒంటిమీదే ఎక్కువ. గోరంత లింగం, దానికి వెండి కాయ, కాయకు దారం. పొద్దున్నే లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు పోసి, విభూతి రాసి, దండం పెట్టుకుని మళ్ళీ మెడలో వేసుకోవాలి. మనిషి పోతే కూర్చోబెట్టి పూడుస్తాం, ఆ లింగాన్ని ఆ ఎడమ అరచేతిలోనే పెట్టి. ఎవరిది వాళ్ళతోనే మట్టిలోకి పోవాలి. ఒకరిది ఇంకొకరు వేసుకోవడమన్నది లేదు. అమ్మ వేసుకుంది. ఐదేళ్ళ పైన వేసుకుంది. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే నిఖిలేష్ ఇంటికి రాలేదు. బతికీ రాలేదు, చచ్చీ రాలేదు.

పొద్దున నేను పక్కమీద ఉండగానే ఇత్తడి చెంబులోంచి నీళ్ళు పళ్ళెంలో పడే చప్పుడు వినిపించేది. మొదటి చప్పుడు ఆమెది. కాసేపటికి రెండో చప్పుడు. అది వాడిది. ఆ రెండోది వినబడగానే నేను లేచి, ముఖం కడుక్కున్నానా లేదా అన్నట్టు కడుక్కుని, అఫ్జల్‌గంజ్‌లో దుకాణం తీయడానికి పోయేవాణ్ణి. తాళ్ళు, టార్పాలిన్లు అమ్ముతాను. నారాయణఖేడ్ పక్క పల్లె నుంచి మా నాన్న బసవయ్య పట్నానికి వచ్చి పెట్టిన దుకాణం.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన మూడు నాలుగు రోజులకే రంజాన్ రోజాలూ, క్రైస్తవుల శ్రమల దినాలూ ఒకరోజు అటూ ఇటూగా మొదలయ్యాయి. హుస్సేనీ ఆలంలో మేముండేది నాలుగు వాటాల ఇల్లు. ఎదురు వాటా వాళ్ళు రోజా. పక్క వాటాలో మున్సిపాలిటీలో చేసి రిటైరైన మాణిక్యమ్మ నలభై రోజుల ఒక్కపొద్దు. శివరాత్రి జాగారం కళ్ళమీంచి దిగకముందే మా అమ్మ కూడా మాణిక్యమ్మతోపాటు ఒక్కపొద్దు పట్టింది.

"ఇంటిమొత్తంల పగలు తినేటోణ్ణి నేనొక్కణ్ణేనా?" అన్నాను నా భార్య భాగ్యశ్రీతో.

"తినుండ్రి. ఇంతమంది దేవుళ్ళకు మొక్కుతుంటే తినేటోడు గూడ ఒకడు ఉండాలె గద" అంది.

ఆ సాయంత్రమే అమ్మ నాకు మజ్జిగ పోస్తూ చెప్పింది. "కైలాసం, వచ్చే ఈస్టరు నాడు నేను బాప్తీస్మం తీసుకుంట బిడ్డా."

"ఎవర్నడిగినవ్?"

"నిన్నే అడుగుతున్న గద."

"గిది అడిగినట్టు లేదు. చెప్పినట్టున్నది."

"సరే, చెప్పిన."

అమ్మ మూడేళ్ళుగా మాణిక్యమ్మ వెంట ఫలక్‌నుమాలోని ప్రార్థన మందిరానికి పోతున్న సంగతి నాకు తెలుసు. పోనీలే, ఆదివారం పూట నలుగురిలో కూర్చుని వస్తుంది అనుకున్నాను. బాప్తీస్మం అనేసరికి మాత్రం నా నోటికొచ్చినవన్నీ అన్నాను. బజార్ల ఎట్ల తిరగాలె అన్నాను. దుకాణానికి వచ్చేవాళ్ళు సగం మనోళ్ళే అన్నాను. నాన్న పేరు తీశాను. ఆమె గిన్నె కడుక్కుంటూ అన్నీ విన్నది. విని, "మజ్జిగల ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

చెప్పక తప్పదు గనుక మా చిన్నాయన ప్రకాశానికి నేనే ఫోన్ చేశాను. సంఘంలో పెద్దమనిషి ఆయన. మరుసటి ఆదివారం, అమ్మ ఫలక్‌నుమా నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే వచ్చి కూర్చున్నాడు.

"వదినె, ఏంది నేనింటున్నది?"

"ఏమిన్నవో చెప్పు, నిజమో కాదో చెప్త."

"నవ్వులాట గాదు. మా అన్న సమాధి పక్కకే నీకు జాగ ఉంచినం. రేపు నువ్వు అటు దిక్కు పోతే ఆ జాగ నీకెవలిస్తరు? సంఘపోళ్ళు ఊకుంటరా?"

"మీ అన్న బతికున్నన్ని దినాలు నా పక్కకు కూసోని నాలుగు ముచ్చట్లు చెప్పింది లేదు ప్రకాశం. ఇగ మట్టిల కూసోని ఏం చెప్తడు?"

పక్క వాటా తలుపు వెనక మాణిక్యమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. చిన్నాయన అటు ఉరిమి చూశాడు.

"మన దేవునికి ఏం తక్కువైంది వదినె?"

"ఏం తక్కువ గాలే." అమ్మ కొంగుతో కాళ్ళు తుడుచుకుని వచ్చి గడపమీద కూర్చుంది. "నా కొడుకు యాడున్నడని ఐదేండ్ల సంది ఒక్కటే మాట అడుగుతున్న. ఈ దేవుడు చెప్పలే. ఆ దేవుడు గూడ చెప్పలే, నేనెందుకు అబద్ధమాడాలె. గని ఆడ నేనేడిస్తె నాతోని ఏడ్చెటోళ్ళున్నరు. మీ దగ్గర ఏడిస్తె కర్మ అంటరు. వాడు కానరాక అప్పటికి మూడు దినాలే అయింది, మీ ఇంటిది వచ్చి నాకు పోయిన జన్మల పాపం లెక్క చెప్పింది. మాణిక్యమ్మ ఏం చెప్పలే. వచ్చి నా తల దువ్వింది."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పురా. పెద్దకొడుకువు."

"నేనొప్పుకోను" అన్నాను.

అమ్మ నన్ను కాసేపు చూసి, "చాయ్ తాగి పోండ్రి" అని లేచింది.

ఆ తరువాత మూడు వారాలు ఇంట్లో మాటలు తక్కువ. అమ్మ ఆదివారాలు మానలేదు, నేను అడ్డం నిలబడనూ లేదు. ఉగాది నాడు అందరికీ పచ్చడి పోసింది, తాను సాయంత్రం దాకా నోట్లో వేసుకోలేదు. ఆ పొద్దున పూజ దగ్గర చూశాను. ఎడమ అరచేతిలో మొదట తనది పెట్టుకుని నీళ్ళు పోసింది. నీళ్ళు తిన్నగా పడ్డాయి. తరువాత వాడిది పెట్టుకుంది. చెంబు అంచు వేళ్ళకు తగిలి నీళ్ళు పక్కకు పోయాయి. "ఆగు బిడ్డా, ఆగు, పోస్తున్న" అంది, ఆ లింగంతోనే. దాహంగా ఉన్న పిల్లవాణ్ణి ఊరుకోబెడుతున్నట్టు.

భాగ్యశ్రీ నా భుజం పక్కన నిలబడి చూసింది. "ఆమె ఒంటి మీద సగం బరువన్న దిగనియ్యుండ్రి. మీ బజారుకు ఏం గాదు" అంది.

ఆ ఆదివారం స్కూటర్ మీద అమ్మను నేనే ఫలక్‌నుమా తీసుకుపోయాను. వెనక కూర్చుని ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. మందిరం రైలు పట్టాల పక్కనే, రేకుల కప్పు, లోపల చాపలు. రైలు వచ్చినప్పుడల్లా పాస్టరు సామ్యూల్ అయ్యగారు చేయి పైకెత్తి మాట ఆపేసేవాడు, అది పోయాక ఆపిన చోటే అందుకునేవాడు. ప్రార్థన అయ్యాక నన్ను పక్క గదిలోకి పిలిచాడు. నేను దారంతా మనసులో చెప్పుకుంటూ వచ్చిన మాట చెప్పేశాను.

"అయ్యగారూ, ఇగ నా అడ్డం లేదు. ఈస్టరుకు ఇప్పియ్యుండ్రి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ అడ్డమని ఆమె ఎన్నడు చెప్పలేదు బ్రదర్. రెండు ఈస్టర్లకు నేనే డేటు పెట్టిన. రెండుసార్లు దగ్గర పడ్డంక ఆమెనే వద్దన్నది. ఈసారి గూడ మొన్ననే వచ్చి, ఈ ఏడు గూడ అయేటట్టు లేదన్నది."

"మీరు మెడలవి తీయమన్నరా?"

"మూడేండ్లల్ల ఒక్కసారి తీయమనలే. నేను తీయిస్తే అది తీసినట్టు గాదు. ఆమెకు తెలుసు, నీళ్ళల్ల దిగేటప్పుడు ఆమెనే తీసి దిగాలె. అక్కడికొచ్చి ఆగుతది."

తిరుగు దారిలో వంతెన దాటాక స్కూటర్ పక్కన ఆపాను. ఎండ మాడుస్తోంది. ఒక మూసిన దుకాణం అరుగు నీడలో ఇద్దరం నిలబడ్డాం.

"అమ్మా, నేను సరే అన్న. చిన్నాయినతోని నేను మాట్లాడుత. ఇంక ఏంది?"

ఆమె మెడలోని రెండు కాయల్ని చీరకొంగు కింద కలిపి పట్టుకుంది.

"నాది తీసుడు ఎంతసేపు బిడ్డా? అరవై రెండేండ్లు మోసిన. తీసి మీ నాయిన కాడ పెట్టి, ఇగ పోతున్న అని చెప్పి వస్త. వాంది ఎట్ల తియ్యాలె? ఆ పొద్దుగాల వాని దారం తెగింది. అమ్మా, కొత్తది ఏసి ఉంచు, పొద్దుమీకి వచ్చి కట్టుకుంట అన్నడు. ఏసి ఉంచిన. వాడు రాలే. ఒంటిమీద దేవుడు లేకుంటనే నీళ్ళల్ల పోయిండు. ఎన్నటికన్న దొరుకుతడు, ఒక్క బొక్కన్న దొరుకుతది. అప్పుడు చేతుల పెట్టి పంపిస్త. గప్పటి దాక దీనికి నీళ్ళు నేనే పొయ్యాలె. ఎవల మీద దించి పోవాలె?" కొంగు సర్దుకుంది. "మీరందరు నాకు మీరే అడ్డమనుకోని లొల్లి చేసిన్రు. మీరెవ్వరు అడ్డం గారు."

నేను స్కూటర్ తాళం చెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాను. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉంది. ఐదేళ్ళ నుంచి ఉంది.

వరదలొచ్చిన ఆ అక్టోబరులో రెండు రోజులుగా వాన తెగలేదు. టార్పాలిన్లకు అంత గిరాకీ నా జన్మలో చూడలేదు. ఫలక్‌నుమా నుంచి ఒకాయన ఫోన్ చేసి, రేకులు ఎగిరిపోయాయి, రెండు పెద్దవి పంపమన్నాడు. నిఖిలేష్‌ను నేనే పంపాను. "వాన జర తగ్గనియ్యి అన్నా" అన్నాడు. "తగ్గితే ఎవడు కొంటడురా?" అన్నాను. సాయంత్రానికి ఆ దిక్కు నాలా కట్ట తెంచుకుంది. బండి దొరికింది, టార్పాలిన్ ఒకటి ఒక కరెంటు స్తంభానికి చుట్టుకుని దొరికింది.

తప్పిపోయిన కంప్లైంటు రాసిచ్చింది నేనే. ఒంటిమీద గుర్తులు అన్న చోట, మెడలో లింగకాయ అని రాశాను. మాలో ఎవరిని అడిగినా అదే చెబుతారు, కన్నూ ముక్కూ చెప్పినట్టు. దారం తెగి అది ఇంట్లో గూట్లో ఉందన్న సంగతి ఆ గాభరాలో నాకు తట్టనే లేదు. అది పొరపాటు. అంతవరకు పొరపాటే.

ఆరో రోజు ఒక సర్కారు దవాఖానకు రమ్మన్నారు. కరోనా కాలం. మూతికి గుడ్డ కట్టుకున్న కానిస్టేబుల్, "జల్ది చూడు భాయ్, ఇంక మస్తుమంది ఉన్నరు" అన్నాడు. ముఖం చూసి చెప్పేటట్టు లేదు. కాళ్ళవైపు గుడ్డ తొలగించాడు. నిఖిలేష్‌కు పుట్టుకతోనే ఎడమకాలి రెండు వేళ్ళు కలిసి ఉంటాయి. చిన్నప్పుడు బాతుకాలు అని ఏడిపించేవాణ్ణి.

"మీదేనా?"

"కాదు సార్."

"పక్కానా? కంప్లైంటుల మెడల లింగమని రాసినవ్. దీనికైతే లేదు."

"అందుకే సార్. మా దాంట్ల చచ్చినా తియ్యరు" అన్నాను. అని, అంగీ గుండీ తీసి నా మెడలోది చూపించాను. "గిట్లాంటిది ఉండాలె."

అతను రాసుకున్నాడు. నేను బయటికి వచ్చాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళలో నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. ఆ ఒంటిని కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు, అమ్మ అది చూడకూడదు అన్నది ఒకటి. అది అబద్ధం కాదు. కానీ దాని అడుగున ఇంకొకటి ఉంది. వాడు ఇంటికి రానంతకాలం నేను తమ్ముణ్ణి పనికి పంపిన అన్నను. వస్తే, తమ్ముణ్ణి చావుకు పంపిన అన్నను. గుమ్మంలో అమ్మ ముందు వాణ్ణి దించే మనిషిని కాలేకపోయాను. రేపు పోయి చెబుదాం అనుకున్నాను. తరువాతి వారం పోదాం అనుకున్నాను. దిక్కులేనివాళ్ళందరినీ పూడ్చేశారని ఆ తరువాత తెలిసింది.

మట్టల ఆదివారానికి ముందు శనివారం, మధ్యాహ్నం. భాగ్యశ్రీ పుట్టింటికి పోయింది. ఎండాకాలం కదా, ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చి అమ్మ వాకిట్లో నీడన గోనెసంచి పరుచుకుని కూర్చుంది. కాయ రాతిమీద పెట్టి కొట్టడం, గింజ తీయడం, ఈనెలు లాగడం. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. నేను ఎదురుగా కూర్చుని రెండు కాయలు కొట్టాను.

"అమ్మా, తమ్ముడు దొరికిండు."

"ఎప్పుడు?" అంది తల ఎత్తకుండా. ఇప్పుడు ఫోను వచ్చిందనుకుంది కాబోలు, చేతిలో రాయి మాత్రం ఆగింది.

"గప్పుడే. ఆరో దినం. దవాఖానల చూపించిన్రు. నేను కాదన్న."

ఎదురు వాటాలో ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక అమ్మ తల ఎత్తింది.

"కాళ్ళు చూసినవా?"

"చూసిన."

"ఎడమకాలు?"

"చూసిన."

"వేళ్ళు కలిసి ఉన్నయా?"

"కలిసే ఉన్నయమ్మా. వాడే."

అమ్మ ఇంకో కాయ తీసుకుని రాతిమీద పెట్టి కొట్టింది. గింజ తీసింది. ఈనె లాగింది. ఇంకొకటి తీసుకుంది. నేను ఏడుస్తూ ఏవేవో చెప్పుకుపోయాను. వాన గురించి, కానిస్టేబుల్ గురించి, ఆమె చూసి తట్టుకోలేదనుకోవడం గురించి. ఆమె విన్నదో లేదో తెలియదు. కుప్ప మొత్తం అయిపోయేదాకా లేవలేదు. చివరికి పండంతా ఉప్పు వేసి జాడీలోకి అదిమి, మూతమీద గుడ్డ కట్టింది.

"యాడ పెట్టిన్రు?" అని అడిగింది అప్పుడు.

మంగళవారం తీసుకుపోయాను. ఊరి చివర, దిక్కులేని శవాల కోసం విడిచిన జాగా. ముళ్ళచెట్లు, అక్కడక్కడ నంబర్లు చెరిగిపోయిన రాళ్ళు. కాపలా ఉండే ముసలాయన అమ్మను చూసి బీడీ కింద పడేశాడు. ఏ సంవత్సరమో చెప్పాను.

"సైలాబ్ వాలే సబ్ ఉధరిచ్ హై అమ్మా, దీవార్ కే బాజూ" అని, వరదలో దొరికినవాళ్ళను పెట్టిన గోడ పక్క వరస చూపించాడు. ఏది ఎవరిదో తనకు తెలియదని చేతులు తిప్పాడు.

అమ్మ ఆ వరస పొడుగునా నడిచింది. ఒక చోట ఆగింది. ఎందుకు అక్కడే ఆగిందో నేను అడగలేదు.

"కూసోబెట్టిన్రా, పండబెట్టిన్రా?"

"పండబెట్టిన్రు కావచ్చు."

"వాడు బోర్ల పండుకుంటుండె" అంది.

ఇంటినుంచి తెచ్చిన గరిటెతో తనే తవ్వింది. నేను వంగబోతే చేయి అడ్డం పెట్టింది. మూరెడు లోతు అయ్యాక మెడలోంచి వాడి లింగకాయ తీసి, మూత విప్పి లింగాన్ని అరచేతిలో పెట్టుకుంది. సీసాలోంచి నీళ్ళు పోసింది. కాయలో పెట్టి గుంతలో ఉంచింది.  తరువాత తనది కూడా తీసింది. నాన్న సమాధి దగ్గరికి పోతానన్నది ఇక తలవలేదు. తనది వాడి దాని పక్కన పెట్టి, "ఒక్కడే ఉండి భయపడుతడు" అంది. మట్టి కప్పింది. లేచి నిలబడ్డాక చూశాను, ఎండకు నల్లబడిన మెడ చుట్టూ దారం ఉన్న మేర సన్నగా తెల్లటి గీత. చీరకొంగు భుజాలమీదుగా చుట్టుకుని దాన్ని కప్పేసింది.

బుధవారం పొద్దున నాకు అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. నీళ్ళ చప్పుడు లేదు. మొదటిదీ లేదు, రెండోదీ లేదు. ఎప్పుడు లేవాలో తెలియక చాలాసేపు పక్కమీదే ఉండిపోయాను. ఎక్కడో ఒక చెంబు మోగుతున్నట్టే అనిపించింది. లేచి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళు తెరుచుకుని, ఎడమచేయి వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుని. చేతిలో ఏమీ లేదు.

ఆ సాయంత్రం మాణిక్యమ్మ తన పెట్టెలోంచి తెల్లచీర తెచ్చింది. అమ్మ మెడ చూసి నోరు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "అక్కా! తీసినవా? ప్రభువా! ఇగ ఏం అడ్డం లేదక్కా నీకు."

"లేదు" అంది అమ్మ. చీర తీసుకుంది. నేను కూడా అదే నమ్మాను.

ఈస్టరు నాడు తెల్లవారగానే మందిరం వెనక సిమెంటు తొట్టి చుట్టూ అందరూ చేరారు. బాప్తీస్మం తీసుకునేవాళ్ళు నలుగురు. నేను చెప్పుల వరస దగ్గర నిలబడ్డాను. అయ్యగారు నడుములోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్కరినీ మెట్టుమీద ఆపి అడుగుతున్నాడు. నమ్ముతున్నావా అని మొదట. ఆ తరువాత, "ఎవరిమీదన్న కోపం, పగ పెట్టుకున్నవా? సమాధానపడాల్సినోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని.

మొదటి పిల్ల "లేరు అయ్యగారూ" అని గబగబా చెప్పి ముక్కు మూసుకుంది. రెండో ఆయన ముసలివాడు, సీమోను అని ముందే పేరు కూడా పెట్టుకున్నాడు. "మా అల్లుని మీదుండె. రాత్రే ఫోన్ చేసి ఇడిసిపెట్టిన" అన్నాడు. అందరూ నవ్వారు. "ఇడిసిపెట్టింది కోపాన్నా, అల్లున్నా?" అన్నాడు అయ్యగారు. ఇంకా నవ్వారు.

అమ్మ వంతు వచ్చింది. తెల్లచీరలో చిన్నగా కనిపించింది. ఒక కాలు నీళ్ళలోని మెట్టుమీద పెట్టింది.

"యేసయ్యను నమ్ముతున్నవా అమ్మా?"

"నమ్ముతున్న." ఆ మాట ఆఖరున నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది.

"ఎవరితోనన్న సమాధానపడాల్సి ఉన్నదా?"

అప్పుడే రైలు వచ్చింది. అయ్యగారు అలవాటుగా చేయి పైకెత్తి ఆగాడు. డబ్బాలు ఒక్కొక్కటే పోతున్నాయి. అమ్మ నీళ్ళ వైపే చూస్తోంది. నా వైపు తిరగలేదు. ఒక్కసారి తిరిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. రైలు పోయింది, చప్పుడు పోయింది, అయ్యగారు చేయి దించాడు.

"ఉన్నది అయ్యగారూ" అంది.

"క్షమించగలవా అమ్మా?"

అమ్మ ఆలోచించింది. అడిగినవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆలోచించినట్టే ఆలోచించింది.

"ఇంక కాలే" అంది.

కాలు నీళ్ళలోంచి తీసింది. చీర అంచుతో పాదం తుడుచుకుని, జనం పక్కకు జరుగుతుంటే వాళ్ళ నడుమ నుంచి వచ్చేసింది. మాణిక్యమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "తొందర లేదమ్మా, నీళ్ళు ఎటూ పోవు" అన్నాడు అయ్యగారు వెనక నుంచి, మెల్లగా.

ఇంటికి వచ్చే దారిలో ఆమె నా భుజం పట్టుకోలేదు. స్కూటర్ వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది.

నేను చేసింది అమ్మ ఎవరికీ చెప్పలేదు. భాగ్యశ్రీకి, మాణిక్యమ్మకు, చిన్నాయనకు, ఎవరికీ. నాతో కూడా దాని మీద మళ్ళీ ఒక్క మాట అనలేదు. అన్నం పెడుతుంది. దుకాణంలో గిరాకీ ఎట్లున్నదని అడుగుతుంది. నాకు జ్వరం వస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసింది. బిడ్డా అని మాత్రం పిలవడం లేదు. చిన్నాయన, ఆమె నీళ్ళ దాకా పోయి తిరిగి వచ్చిందని విని సంతోషంగా వచ్చాడు. ఎంతైనా మన రక్తం అన్నాడు. బోడిమెడ చూసి చాయ్ కూడా తాగకుండా పోయాడు.

రెండు వారాలకు సామ్యూల్ అయ్యగారు నాకు ఫోన్ చేశాడు. "బ్రదర్, ఆమె మనసుల ఎవరో ఒక్కరున్నరు. పేరు చెప్తలేదు, నేనడగను. మీరు పెద్దకొడుకు. మీరు చెప్తె వింటది. ఆ మనిషిని ఇడిసిపెట్టమని జర మీరే చెప్పుండ్రి."

"సరే అయ్యగారూ" అన్నాను.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. ప్రతి ఆదివారం అమ్మను ఫలక్‌నుమా తీసుకుపోయేది నేనే. ఆమె లోపల ఆఖరి చాపమీద కూర్చుంటుంది. నేను బయట మెట్లమీద. వాళ్ళందరూ కలిసి చెప్పే ప్రార్థన ఒకటి ఉంది, వినీ వినీ నాకూ నోటికి వచ్చింది. అందులో నడుమ, తమకు చెడు చేసినవాళ్ళను క్షమించామని దేవుడితో చెప్పుకునే చోటు వస్తుంది. అరవై గొంతుల్లో అమ్మ గొంతు నాకు తెలుసు. కొంచెం బొంగురుగా, అందరికంటే ఒక మాట వెనక. సరిగ్గా ఆ చోటికి రాగానే ఆగిపోతుంది. మిగతావాళ్ళు దాటిపోతారు. ఆమె దేవుడితో అబద్ధం చెప్పదు. దాని తరువాతి మాట దగ్గర మళ్ళీ వాళ్ళతో కలుస్తుంది.

ఆమె ఆగిన ఆ కాస్తసేపు మెట్లమీద నా పెదవులు కదులుతాయి. ఆ మాటలన్నీ నాకు వచ్చు. ఆమె బదులు చెప్పే హక్కు మాత్రం నాకు లేదు.